నాన్న పాస్‌వర్డు నెట్ సెంటర్ నోట్‌బుక్‌లో ఉంది

1. బురుజు నీడ (కర్నూలు)

అందరికీ నమస్తే. చానా రోజులుగా ఇక్కడ చదివి పోవడమే గానీ రాసింది లేదు. ఇది ఎవరికైనా చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు, అందుకే రాస్తున్నా.

మా నాన్నకు 68 ఏళ్లు. కోడుమూరు దగ్గర మా ఊళ్లో నాలుగెకరాలుంది, ఎక్కువగా ఉల్లి వేస్తాడు. పీఎం కిసాన్ డబ్బులు ఈసారి పడలేదని ఫోన్ చేస్తే, స్టేటస్ చూద్దామని ఇక్కడ ఇంట్లో కూర్చుని ఆయన రిజిస్ట్రేషన్ నెంబరు కొట్టాను. ఓటీపీ పంపామంటుంది, నాన్న ఫోన్‌కేమో రాదు. నాలుగుసార్లు కొట్టాక గానీ ఆ నెంబరు చివరి అంకెలు చూడలేదు. అవి నాన్నవి కావు, అమ్మవి కావు, తమ్ముడివీ కావు. "ఎవరిది నాన్నా ఇది?" అంటే ఏమాత్రం తడుముకోకుండా "నెట్ సెంటర్ పిల్లోడిది అయ్యుంటుంది లేమ్మా, నేనే పెట్టమన్నా, నాకు మెసేజులు చదవను రాదు కదా" అన్నాడు.

ఆదివారం ఊరికి పోయి ఆ సెంటర్‌కు వెళ్లాను. పిల్లోడు చెడ్డవాడు కాదు, "అక్కా కూర్చో" అని స్టూలు తుడిచి వేశాడు. అడిగిన వెంటనే లాంగ్ నోట్‌బుక్ తీశాడు. అట్ట మీద వినాయకుడి స్టిక్కరు, చుట్టూ రబ్బరు బ్యాండు. లోపల ఎర్ర పెన్నుతో గీతలు గీసి పేరు, ఊరు, ఆధార్, యూజర్ ఐడీ, పాస్‌వర్డు, ఫోను అని గడులు. పేజీకి పద్నాలుగు మంది. పాస్‌వర్డులన్నీ ఒకటే వరస, మనిషి పేరు, దాని పక్కన ఎట్ గుర్తు, 123. మా నాన్నదీ అంతే. పుస్తకం ముప్పాతిక వంతు నిండిపోయింది. ఇంతలో కరెంటు పోతే, నా పక్కన నిలబడ్డాయన ఆ నోట్‌బుక్కే తీసుకుని విసురుకుంటున్నాడు!

ఎవరి మీద కోప్పడాలో తెలియక తిరిగొచ్చేశాను. ఏం చేయాలో చెప్పండి. ఇంకోటి కూడా, నాన్నకు ఆ పిల్లోడి మీద ఉన్నంత నమ్మకం ప్రభుత్వం సైటు మీద ఎందుకు లేదు?

2. ఉగ్గాని ప్లేటు (అనంతపురం)

అక్కా మీరు నోట్‌బుక్కే చూశారు. మొన్న టవర్ క్లాక్ దగ్గర బజ్జీలు కట్టించుకుంటే పొట్లం ఎవరిదో ఆదాయం సర్టిఫికెట్ దరఖాస్తు, ఆధార్ జిరాక్స్‌తో సహా. నూనెకు ఫోటో తడిసిపోయింది గానీ 12 అంకెలూ చక్కగా కనపడుతున్నాయి.

3. టెస్టింగ్ బాబు (ప్రొద్దుటూరు)

అక్కా, పాస్‌వర్డు మార్చడం కంటే ముందు ఫోన్ నెంబరు మార్పించండి. నెంబరు ఆ అబ్బాయిదే ఉన్నంతకాలం మీరు ఎంత గట్టి పాస్‌వర్డు పెట్టినా, "మర్చిపోయాను" అని ఒక్కసారి నొక్కితే కొత్తది ఆయనకే పోతుంది. తర్వాత నాన్న ఆధార్‌కు ఏ నెంబరు లింకైందో చూడండి. అదీ వేరేవాళ్లదైతే అసలు తలనొప్పి అది, దానికి ఆయన్ను ఆధార్ సెంటర్‌కు తీసుకుపోండి. సొంత నెంబరు ఎక్కాక, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైటులో అథెంటికేషన్ హిస్టరీ అని ఉంటుంది, గత 6 నెలల్లో ఆయన ఆధార్‌ను ఎప్పుడెప్పుడు వాడారో వరసగా చూపిస్తుంది, 50 ఎంట్రీల దాకా. తెలియనిది ఏదైనా కనబడితే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు చేయండి.

ఇక మీ రెండో ప్రశ్న. నేను బతికేది ఈ పని మీదే, సైట్లలో ఎక్కడ కన్నం ఉందో వెతికి చెప్పడం. ప్రభుత్వ సైటు బయటికి రావాలంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తించిన ఆడిటరు చూసి "సేఫ్ టు హోస్ట్" అని సర్టిఫికెట్ ఇవ్వాలి. అది ఉంటుంది. అడ్రసు పక్కన తాళం గుర్తు ఉంటుంది, ఓటీపీ ఉంటుంది. అన్నీ పెట్టి, తాళంచెవి మాత్రం తీసుకుపోయి జిరాక్స్ మిషను పక్కన పెట్టాం. ఆడిటరు సర్వరును చూస్తాడు, కోడుమూరు కౌంటరును చూడడు కదా. సైటు డిజైన్ చేసినోడు ఏమనుకున్నాడంటే, మనిషికో ఫోను ఉంటుంది, పదేళ్లయినా అదే నెంబరు ఉంటుంది, మెసేజ్ ఇంగ్లీషులో వచ్చినా చదువుకుంటాడు, చదివినా ఇంకొకరికి చెప్పడు. మీ నాన్న లాంటివాళ్ల విషయంలో ఇందులో చాలా వరకు నిజం కాదు.

4. సెంటరాయన (ఆదోని)

ఆ నోట్‌బుక్ నాది కాదు, కానీ నా దగ్గరా ఒకటుంది. దాచేదేముంది.

ఇక్కడ అందరూ చదువుకున్నోళ్లు, నా కౌంటరు ముందు ఒక్క పూట కూర్చుంటే తెలుస్తుంది. పత్తి మార్కెట్‌కు వచ్చిన పెద్దాయన పని అయ్యాక నా దగ్గరికి వస్తాడు. సిమ్ము మార్చి నెలయ్యుంటుంది. రీచార్జి అయిపోతే ఆ సిమ్ము పడేసి ఇంకోటి తీసుకుంటారు, ఆఫర్ ఏది బాగుంటే అది. ఆగిపోయిన నెంబరు 90 రోజులు దాటాక వేరే ఎవరికైనా ఇచ్చేయొచ్చు. అంటే పెద్దాయన ఓటీపీ ఏ ఊరివాడికో పోతుంది. దానికంటే నాకు రావడం నయం కాదా? నేనైతే ఆదోనిలోనే ఉంటా, కాలర్ పట్టుకోవచ్చు.

పాస్‌వర్డు సంగతి చెబుతా. ఒక పెద్దక్షరం, ఒక చిన్నక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలంటుంది సైటు. ఏబీసీడీలు రాని మనిషికి పెద్దక్షరం అంటే ఏమని చెప్పాలి? తెలుగులో పెద్ద అ, చిన్న అ ఉన్నాయా? "నీకు గుర్తుండేది ఏదైనా చెప్పప్పా" అంటే "మా ఎద్దు పేరు పెట్టు" అన్నాడొకాయన. వారం తర్వాత వచ్చి ఏ ఎద్దు పేరు పెట్టామో గుర్తులేదన్నాడు. అందుకే పేరు, ఎట్, 123.

చివరి తేదీ రోజున ఓటీపీ రావడానికి మూడు నిమిషాలు, పేజీ ఎగిరిపోవడానికి రెండు నిమిషాలు. మళ్లీ మొదటి నుంచి. "సర్వర్ డౌన్" అనే మాట రోజుకు ఎన్నిసార్లు చెబుతానో నాకే లెక్కలేదు. ఆ మాట విన్న మనిషి సైటును నమ్ముతాడా, "రేపు పొద్దున్నే ఆరింటికి ట్రై చేసి పెడతాలే, నువ్వు ఊరికి పో" అన్న నన్ను నమ్ముతాడా?

5. పెన్నా ఒడ్డు (జమ్మలమడుగు)

కాలర్ పట్టుకోవచ్చు అంట. బాగుందన్నా. మా మేనమామ ఎవరి కాలర్ పట్టుకోవాలి?

ఆయన ఖాతాలో పదివేలు ఒకసారి, పదివేలు ఇంకోసారి పోయాయి. స్టేట్‌మెంట్‌లో ఏఈపీఎస్ అని ఉంది, అంటే ఎక్కడో చిన్న మిషను మీద వేలిముద్ర పెట్టి డబ్బు తీసినట్టు. ఆ రోజు ఆయన మా ఇంట్లో ఉన్నాడు, మా పాప నామకరణం. ఫోటోల్లో పాపను ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు, రెండు చేతులూ కనబడుతున్నాయి. ఆ ఫోటో ప్రింటు తీసుకుపోయి బ్యాంకులో చూపించాం.

ఖాతాకు పాత నెంబరు ఉండడంతో మెసేజ్ రాలేదు. ఆరో రోజు పాసుబుక్కు ప్రింటు వేయిస్తే బయటపడింది. బ్యాంకాయన "వేలిముద్ర మ్యాచ్ అయింది, మేమేం చేయాలి" అన్నాడు. అంటే మనిషి అబద్ధం, వేలు నిజం! సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేసి కంప్లయింట్ నెంబరు తీసుకున్నాం. 2017లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రింటు తీసుకుని మళ్లీ పోయాం. తప్పు బ్యాంకుదీ కాక ఖాతాదారుడిదీ కాకపోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో చెప్పినోడికి ఏ నష్టమూ ఉండకూడదని అందులో ఉంది. సమాచారమే అందలేదు కదా మాకు, ఇంక మూడు రోజులు ఎక్కడి నుంచి లెక్కపెడతారని వాదన. డబ్బులు వచ్చేసరికి దాదాపు మూడు నెలలు. వచ్చాయి, అది చెప్పాలి. కానీ ఆ మూడు నెలలు మామ ఏ కాగితం మీదా వేలు పెట్టలేదు. రేషన్ షాపుకు అత్తను పంపించాడు.

6. పాత గుమాస్తా (అనంతపురం)

నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో పనిచేసి రిటైరయ్యాను. పై పోస్టు చదివాక కొంచెం రాయాలనిపించింది, పెద్దవాడిని, టైపింగ్ ఆలస్యం, ఓర్చుకోండి.

దస్తావేజు మీద వేలిముద్ర తీయడం ఒక పని. ఇంకు ఎక్కువైతే మచ్చ, తక్కువైతే గీతలు రావు. మనిషి బొటనవేలు మనం పట్టుకుని గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా దొర్లించాలి, వాళ్లంతట వాళ్లు నొక్కితే పనికిరాదు. వేరుశనగ పీకిన చేతులు, సున్నం కలిపిన చేతులు, గీతలన్నీ అరిగిపోయి ఉంటాయి, గుడ్డ తడిపి తుడిచి మళ్లీ మళ్లీ తీసేవాణ్ణి. అంత శ్రద్ధగా ఎందుకంటే రేపు కోర్టులో ఎవరైనా "ఇది నా ముద్ర కాదు" అంటే ఆ కాగితమే సాక్ష్యం.

1998లో కార్డ్ పేరుతో కంప్యూటర్లు వచ్చాయి, దస్తావేజులు స్కాన్ చేయడం మొదలైంది. ఈసీ కోసం, అంటే ఆస్తి మీద ఏ లావాదేవీలున్నాయో చూపే సర్టిఫికెట్ కోసం, వారాలు తిరిగినవాళ్లు నిమిషాల్లో తీసుకుపోతుంటే మాకే ఆశ్చర్యం. ఆ తర్వాత నకళ్లు ఆన్‌లైన్‌లోకి వచ్చాయి, అదీ మంచిదే అనుకున్నాం. వేలిముద్ర ఒకరోజు పాస్‌వర్డు అవుతుందని మాలో ఎవరికీ తట్టలేదు. సాక్ష్యం అంటే నలుగురికీ కనపడాలి. పాస్‌వర్డు అంటే ఎవరికీ కనపడకూడదు. ఒకే వేలిని రెండు పనులకూ పెట్టారు.

2018లో తెలంగాణలో పెద్దపల్లి వైపు సిమ్ములు అమ్మే ఒకడు రిజిస్ట్రేషన్ సైటు నుంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది ముద్రలతో రబ్బరు స్టాంపుల్లాంటివి చేసి, వేల సిమ్ములు యాక్టివేట్ చేశాడు. ఆ వార్త చదివిన రోజు నా చేతులతో తీసిన ముద్రలు ఎన్ని ఉంటాయా అని లెక్క వేసుకోబోయి మానేశాను.

7. టెస్టింగ్ బాబు (ప్రొద్దుటూరు)

సార్, సాక్ష్యం, పాస్‌వర్డు గురించి మీరు రాసింది మా ఆఫీసు మీటింగులో చెబుతా, ఎవరు చెప్పారని అడిగితే అనంతపురం గుమాస్తా గారు అంటా.

మేనమామ లాంటి కేసులకు బయోమెట్రిక్ లాక్ ఉంది. ఆధార్ యాప్‌లో లాక్ చేసుకుంటే ఆ వేలు ఎవరు పెట్టినా, నకిలీది పెట్టినా, మ్యాచ్ కాదు. అవసరమైనప్పుడు కాసేపు తెరుచుకోవచ్చు. జిరాక్స్ ఇవ్వాల్సి వచ్చిన చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, చివరి 4 అంకెలే కనపడతాయి. అందరూ ఇంట్లో పెద్దవాళ్లకు లాక్ చేసి పెట్టండి.

8. ఒకటో తారీఖు (కడప)

బాబూ, అందరికీ లాక్ చేయమని చెప్పి మా ప్రాణం తీయకు సామీ!

నేను వార్డు సచివాలయంలో పనిచేస్తా, పేరు ఊరు అడగొద్దు. ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను ఇవ్వడానికి ఇంటింటికీ పోతాం. ఒక అవ్వ వేలు పెడితే పడలేదు. ముఖం చూపిస్తే పడలేదు. కళ్లు చూపిస్తే పడలేదు. అవ్వ ఏడుపు, "నేను చచ్చిపోయానని రాశారా" అని. గంట తర్వాత తెలిసింది, బెంగళూరులో ఉండే మనవడు పండక్కి వచ్చినప్పుడు ఫోన్‌లో లాక్ చేసి పోయాడు. తెరవాలంటే ఆ నెంబరుకు మెసేజ్ పోవాలి, ఆ ఫోను వాడి దగ్గరే, వాడు మీటింగులో. నాలుగు వేల కోసం అవ్వ మధ్యాహ్నం దాకా గడప మీద కూర్చుంది. లాక్ మంచిదే, కాదనను. కానీ తాళం వేసినోడు తాళంచెవి ఎవరి దగ్గరుందో ఇంట్లో చెప్పి పోవాలి.

ఇంకో మాట. ఇది రాయాలా వద్దా అని రెండుసార్లు చెరిపేశా. గుమ్మం ముందు నిలబడి ఓటీపీ అడిగే అలవాటు చేసింది మేమే. సర్వేలు, ఈకేవైసీలు, మ్యాపింగులు. "అమ్మా ఫోన్‌కు నెంబరొచ్చింది, చెప్పు" అని ఎన్ని వందల ఇళ్లలో అడిగానో. సాయంత్రానికి టార్గెట్ ఉంటుంది, ఇది దేనికి అని ఎవరికైనా నిమిషం సేపు చెప్పానా అంటే చెప్పలేదు. ఆఫీసుకు తిరిగొస్తే గోడ మీద పోస్టరు, "మీ ఓటీపీ ఎవరికీ చెప్పకండి". ఆ పోస్టరు అంటించిందీ నేనే. తర్వాత ఒకడు ఫోన్ చేసి "సచివాలయం నుంచి మాట్లాడుతున్నా" అని అడిగితే మా వార్డులో ఒకామె చెప్పేసింది, డబ్బులు పోయాయి. ఆమె నన్నొక్క మాట కూడా అనలేదు. "నువ్వే అనుకున్నా నాయనా" అంది, అంతే.

9. పెన్నా ఒడ్డు (జమ్మలమడుగు)

పైన రాసినాయనకు దండం. ఇలా ఒప్పుకున్న ఆఫీసు మనిషిని ఇదే మొదటిసారి చూడటం.

10. ఉగ్గాని ప్లేటు (అనంతపురం)

మా ఇంటి సంగతి వేరే. మా నాన్న ఓటీపీ ఎవరికీ చెప్పడు, చాలా గట్టి మనిషి. కానీ వాట్సాప్‌లో "ఆర్టీఓ చలాన్" అని ఒక ఫైలు వస్తే తెరిచాడు, చివర ఏపీకే అని ఉంది, అంటే అది యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైలు. ఇన్‌స్టాల్ అయింది, మెసేజులు చూడటానికి పర్మిషన్ అడిగింది, ఇచ్చాడు. ఇంక ఓటీపీ చెప్పే పనే లేదు, అదే చదువుకుంటుంది. అది అక్కడితో ఆగలేదు, నాన్న పేరుతో మా చుట్టాలందరికీ చలానాలు పోయాయి. మా పెద్దమ్మకు స్కూటర్ కూడా లేదు, ఆమె కూడా తెరిచింది. నేను హాస్టల్ నుంచి పరిగెత్తుకొచ్చి ముందు డేటా ఆఫ్ చేసి, బ్యాంకుకు చెప్పి, ఫోను రీసెట్ చేశా. డబ్బులు పోలేదు గానీ ఫోటోలన్నీ పోయాయి. నాన్న ఇప్పటికీ అనే మాట, "బొమ్మ మీద ప్రభుత్వం ముద్ర ఉంది కదరా".

11. టెస్టింగ్ బాబు (ప్రొద్దుటూరు)

ముద్ర ఎవడైనా అంటిస్తాడు తమ్ముడూ, తాళం గుర్తు కూడా అంతే. మధ్యలో ఎవరూ వినకుండా మాట్లాడుతున్నావని చెబుతుంది గానీ అవతల మాట్లాడేది ఎవరో చెప్పదు, దొంగ సైటుకు కూడా అరగంటలో తెచ్చుకోవచ్చు. చూడాల్సింది అడ్రసు చివర. జీఓవీ చుక్క ఐఎన్ తో ముగిసేది ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇవ్వరు. దాని తర్వాత చుక్క పెట్టి ఇంకేదైనా తోక ఉన్నా, మధ్యలో చుక్క బదులు అడ్డగీత ఉన్నా వదిలేయండి. మెసేజులకైతే 2025 మే నుంచి పంపినవాళ్ల పేరు చివర ఒక అక్షరం వస్తోంది, ప్రభుత్వానిదైతే జీ, ప్రకటనలకు పీ. నాన్నకు ఆ ఒక్క జీ చూపించండి, నేర్చుకుంటాడు. ఏ ప్రభుత్వ శాఖా వాట్సాప్‌లో ఏపీకే పంపదు.

లోపాలు రావడం తప్పదు, నేను చూసినంతలో లోపం లేని సైటు లేదు. వచ్చినప్పుడు ఏం చేస్తారన్న దాని మీదే జనం నమ్మకం ఉంటుంది. ఎస్టోనియా అని 13 లక్షల జనాభా ఉన్న దేశం, దాదాపు అన్ని పనులూ ఐడీ కార్డుతో ఆన్‌లైన్‌లోనే. 2017లో పరిశోధకులు ఆ కార్డు చిప్పులో లోపం ఉందని చెప్పారు. అప్పటికి ఒక్కరికీ నష్టం జరిగిన దాఖలా లేదు. అయినా ప్రభుత్వమే బయటికొచ్చి చెప్పింది, నవంబరులో దాదాపు 7.6 లక్షల కార్డుల సర్టిఫికెట్లు ఆపేసి అప్‌డేట్ చేసుకోమంది. జనం తిట్టుకున్నారు, క్యూలు కట్టారు, మళ్లీ అదే కార్డు వాడుతున్నారు. తన రికార్డు ఏ అధికారి ఎప్పుడు తెరిచి చూశాడో అక్కడ పౌరుడే చూసుకోవచ్చు కూడా.

12. పెన్నా ఒడ్డు (జమ్మలమడుగు)

మన దగ్గర 2023 జూన్‌లో టీకా వేయించుకున్నోళ్ల వివరాలు టెలిగ్రామ్ బాట్‌లో వస్తున్నాయని గోల అయింది, గుర్తుందా. ఫోన్ నెంబరు కొడితే పేరు, ఆధారో పాస్‌పోర్టో ఏది చూపించామో అది, టీకా ఎక్కడ వేశారో వచ్చేది. టీకాల సైటు కోవిన్ నుంచి లీకైందన్నది నిరాధారం అని ఆరోగ్య శాఖ చెప్పింది. తర్వాత బీహార్‌లో ఒకణ్ణి పట్టుకున్నారు. సరే, కోవిన్ తలుపు పగలలేదనే అనుకుందాం. ఆ వివరాలు ఎక్కడి నుంచి పోయాయో మన భాషలో నాలుగు ముక్కలు నాకెవరైనా చెప్పారా? మామకు బ్యాంకు "ఇది మా లోపం" అని ఒక్క మాట రాసిచ్చి ఉంటే ఆయన రేషన్ షాపుకు పోయేవాడు. డబ్బులిచ్చారు, మాట ఇవ్వలేదు.

ఇప్పుడు 2023లో డేటా చట్టం వచ్చింది, 2025 నవంబరులో రూల్సూ వచ్చాయి, జరిమానా 250 కోట్ల దాకా అంట. అది డిజిటల్ డేటాకు. వినాయకుడి స్టిక్కరు నోట్‌బుక్‌కు ఏం వర్తిస్తుందో లాయర్లు చెప్పాలి!

13. సెంటరాయన (ఆదోని)

నోట్‌బుక్‌ను ఎగతాళి చేయడం తేలిక గానీ ఒకటి ఆలోచించండి. మీసేవ పనికి నాకు నా లాగిన్ ఉంటుంది. దరఖాస్తు ఎవరు పెట్టారన్న చోట నా ఐడీ పడుతుంది, తప్పు చేస్తే నన్ను పట్టుకోవచ్చు, లైసెన్సు పోతుంది. నేనెప్పుడూ మీసేవ పనికి ఎవరి పాస్‌వర్డూ అడగలేదు. మిగతా పోర్టళ్లు చానా వాటిలో ఆ దారి లేదు, సిటిజన్ లాగిన్ ఒక్కటే ఉంటుంది. పెద్దాయన చేసుకోలేడు, నేను ఆయన వేషం వేసి లోపలికి పోవాలి. వేషం వేయాలంటే ఆయన ఐడీ కావాలి, పాస్‌వర్డు కావాలి, ఓటీపీ కావాలి. నోట్‌బుక్ పుట్టింది అక్కడ. "ఫలానా సెంటరువాడు నా తరఫున చేశాడు" అని రాసుకునే ఒక్క గడి ప్రతి సైటులో పెట్టమనండి, నా నోట్‌బుక్ ఆ రోజే పొయ్యిలో పెడతా.

14. పాత గుమాస్తా (అనంతపురం)

సెంటరాయన చెప్పిన దాంట్లో న్యాయముంది. 2011లో మీసేవ వచ్చిన కొత్తలో, డిజిటల్ సంతకంతో సర్టిఫికెట్ ప్రింటు చేతికిస్తే జనం దాన్ని తీసుకుని మళ్లీ ఎమ్మార్వో ఆఫీసుకు పోయేవాళ్లు, "అయ్యా దీని మీద రౌండ్ సీలు వేయండి" అని. సీలు లేని కాగితం కాగితమేంటి అని. కొందరు గుమాస్తాలు వేసి పంపేవాళ్లు కూడా. పోస్టర్లతో ఆ అలవాటు పోలేదు. స్కూలులో, బ్యాంకులో అవతలి మనిషి దాని మీది నెంబరు సైటులో కొట్టి చూసి, సరేనని తీసుకోవడం మొదలయ్యాక పోయింది. రెండు మూడేళ్లు పట్టింది.

15. ఒకటో తారీఖు (కడప)

సెంటరాయనకు ఒక మాట. 2025 జనవరి 30 నుంచి వాట్సాప్‌లో రాష్ట్ర ప్రభుత్వం సేవలు ఇచ్చే మన మిత్ర వచ్చింది కదా, 161 సేవలతో మొదలుపెట్టారు. మా వార్డులో చదవడం రానివాళ్లు కూడా వాట్సాప్‌లో వాయిస్ మెసేజులు బ్రహ్మాండంగా పంపిస్తారు. యూజర్ ఐడీ, పాస్‌వర్డు గోల లేదు. నెంబరు 95523 00009, ఎవరైనా ఫార్వార్డ్ చేసింది కాకుండా మీరే కొట్టి సేవ్ చేసుకోండి. అదే బొమ్మ డీపీ పెట్టుకుని వేరే నెంబరు నుంచి ఎవడైనా రావచ్చు, అది మళ్లీ ఇంకో బాధ. నేనిప్పుడు ఏ ఇంటికి పోయినా ఓటీపీ అడిగే ముందు నా ఐడీ కార్డు చూపించి, ఏ పనికో చెప్పి, ఫోను వాళ్ల చేతిలోనే ఉంచి వాళ్లచేతే నొక్కిస్తున్నా. ఒక్కో ఇంటికి పది నిమిషాలు ఎక్కువ పడుతోంది. టార్గెట్ పూర్తి కావడం లేదు, తిట్లు పడుతున్నాయి.

16. బురుజు నీడ (కర్నూలు)

ఇన్ని పోస్టులు వస్తాయనుకోలేదు. ఏం జరిగిందో చెప్పి ముగిస్తా.

నాన్నను ఆధార్ సెంటర్‌కు తీసుకుపోయి నెంబరు మార్పించాం, అమ్మ ఫోన్‌లో ఉన్న సిమ్ము, పదేళ్లుగా మార్చనిది. హిస్టరీ చూశాం, అన్నీ తెలిసినవే, ఒకటి మాత్రం గుర్తు రాలేదు, తర్వాత ఎరువుల షాపులో వేలు పెట్టింది అని అమ్మ చెప్పింది. లాక్ చేయలేదు, ఒకటో తారీఖు గారి పోస్టు చదివాక ధైర్యం చాల్లేదు, ఎప్పుడు తెరవాలో నాన్నకు నేర్పాక చేస్తా. పీఎం కిసాన్‌లో నెంబరు మార్పించింది మళ్లీ ఆ నెట్ సెంటర్ అబ్బాయే, ఈసారి నా ముందు.

నోట్‌బుక్‌లో నాన్న పేరున్న పేజీ చించి ఇవ్వమన్నా. మిగతా పదమూడు మందీ ఏం కావాలి అన్నాడు. నిజమే కదా. చివరికి స్కేలు పెట్టి నాన్న వరస ఒక్కటీ కత్తిరించి ఇచ్చాడు, రిబ్బను లాగ. ఇంటికొచ్చి తిప్పి చూస్తే వెనక పేజీలో ఇంకొకాయన వరస, పేరు, ఆధార్, పాస్‌వర్డు, ఫోను అన్నీ. ఇప్పుడది నా దగ్గరుంది!

కాల్చేసే ముందు ఒక మాట చెప్పడం ధర్మం అనుకుని ఆ నెంబరుకు ఫోన్ చేశా. "అయ్యా, మీ ఆధార్ నెంబరు, పాస్‌వర్డు రాసిన కాగితం నా దగ్గరుంది, పాస్‌వర్డు మార్చుకోండి" అన్నా. రెండు క్షణాలు చప్పుడు లేదు. తర్వాత "నాకు తెలుసు నువ్వెవరో. ఓటీపీ నా ప్రాణం పోయినా చెప్పను, పెట్టెయ్ ఫోను" అని ఆయనే పెట్టేశాడు. మళ్లీ చేస్తే బ్లాక్ చేసినట్టున్నాడు. నాన్న పక్కనే కూర్చుని విన్నాడు, "ఆయన మనూరి బోయగేరి ఆయనే, నేను సాయంత్రం రచ్చకట్ట దగ్గర చెబుతాలే" అన్నాడు.